చదివింది ఏమిటో అడగండి

మన పిల్లల్లో చాలామంది రోజుకు మూడు చోట్ల చదువుతున్నారు. పొద్దున్నే మక్తబ్‌కు వెళ్తారు, పగలు బడికి వెళ్తారు, స్థోమత ఉన్న ఇళ్ళ పిల్లలు సాయంత్రం ట్యూషన్‌కు కూడా వెళ్తారు. ఇన్ని చోట్ల చదివే పిల్లవాడికి మళ్ళీ ఇంట్లో చదువు దేనికని తల్లిదండ్రులు అడగటం సహజమే. అలా అడిగేవారు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. నాలుగో తరగతి చదివే మీ అబ్బాయి చేతికి మూడో తరగతి వాచకం ఇచ్చి ఒక పాఠం చదవమనండి. చదివాక పుస్తకం మూసి, "ఇందులో ఏముంది బేటా?" అని అడగండి.

కొందరు పిల్లలు అసలు చదవలేరు. అక్షరాలు కూడబలుక్కుంటూ ఒక వాక్యం దగ్గరే ఆగిపోతారు. మరికొందరు గడగడా చదివేస్తారు గాని, అడిగిన దానికి జవాబు చెప్పలేక మన ముఖం చూస్తారు. ఖానాపూర్‌లో పిల్లలకు పాఠాలు చెప్పే మాకు నిత్యం ఎదురయ్యే అనుభవమిది. మొదటి రకం పిల్లవాణ్ణి బడి గుర్తిస్తుంది, వెనుకబడ్డాడని తల్లిదండ్రులకు కబురు చేస్తుంది. రెండో రకం పిల్లవాణ్ణి ఎవరూ గుర్తించరు. పైగా బాగా చదువుతున్నాడని మెచ్చుకుంటారు. అయిదో తరగతి దాటి హైస్కూలులో చేరాక, పాఠాలు పెద్దవయ్యాక, వాడు ఒక్కసారిగా కుంగిపోతాడు. ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో బడి మానేసి మెకానిక్ షాపులో కుదురుతాడు.

ఈ అలవాటు ఎక్కడ మొదలవుతుందో మదర్సాలో చదువుకున్నవాళ్ళం గనుక మేమే చెప్పటం మంచిది. మన పిల్లవాడు మొట్టమొదట పట్టే పుస్తకం ఖాయిదా. అందులో అరబీ అక్షరాలను, గుర్తులను సరిగా పలకటం నేర్చుకుంటాడు. తర్వాత నాజరా. అర్థం తెలియకపోయినా ఖుర్ఆన్ పారాయణం పుణ్యప్రదమే, దాని స్థానం వేరు. కాని పాఠ్యపుస్తకానికి ఆ స్థానం లేదు. తెలుగు వాచకాన్నీ లెక్కల పుస్తకాన్నీ అర్థం తెలియకుండా పలికితే దక్కేది ఏమీ లేదు. ఈ తేడా పిల్లవాడికి తనంతట తాను తెలియదు. చదవటమంటే తప్పు లేకుండా పలకటమేనని అనుకుని, అదే అలవాటును బడికి కూడా తీసుకువెళ్తాడు. తేడా చెప్పవలసింది పెద్దలమే.

ఇది ఈనాటి కొత్త ఆలోచన కాదు. ట్యూనిస్‌లో 1332లో జన్మించిన ఇబ్నె ఖల్దూన్ తన 'ముఖద్దిమా'లో పిల్లల చదువు కోసమే ఒక అధ్యాయం రాశాడు. ఒక్కొక్క ముస్లిం దేశంలో పిల్లలకు చదువు ఎలా చెబుతున్నారో అందులో పోల్చి చూపాడు. మగ్రిబ్ ప్రాంతంలో ఖుర్ఆన్ ఒక్కటే నేర్పుతారనీ, అందువల్ల అక్కడి పిల్లలకు భాష మీద పట్టు చిక్కటం లేదనీ, అందలూసియాలో దానితోపాటు కవిత్వం, భాష, చేతిరాత కూడా నేర్పటంవల్ల అక్కడివారు భాషలో మెరుగ్గా ఉన్నారనీ వివరించాడు. భాష, లెక్కలు ముందు నేర్పాలన్న ఖాజీ అబూబక్ర్ ఇబ్నుల్ అరబీ అభిప్రాయాన్ని కూడా అక్కడే ప్రస్తావించాడు. పిల్లల పట్ల కాఠిన్యం వారిని పాడు చేస్తుందని మరో అధ్యాయంలో హెచ్చరించాడు. మక్తబ్ మాన్పించమని మేము అనటం లేదు. మక్తబ్‌లో పలకటం నేర్చిన పిల్లవాడికి గ్రహించటం నేర్పే పని ఇంట్లో జరగాలని మాత్రమే మా మనవి.

లాక్‌డౌన్ నేర్పిన పాఠం

ఇల్లు బడిలా పనిచేయగలదా అన్న ప్రశ్నకు జవాబు మనం ఒకసారి చూశాం. 2020 మార్చి మధ్యలో కరోనా కారణంగా మూతపడిన మన రాష్ట్ర పాఠశాలలు, 1 నుంచి 5 తరగతుల పిల్లలకు తిరిగి తెరుచుకున్నది 2021 సెప్టెంబర్ 1న. అంటే 17 నెలలకు పైగా చిన్నపిల్లలు బడి ముఖం చూడలేదు. ఆ రోజుల్లో, 2020 ఏప్రిల్‌లోనే, ఎన్.సి.ఇ.ఆర్.టి. సంస్థ ప్రాథమిక తరగతుల కోసం ప్రత్యామ్నాయ విద్యా క్యాలెండర్‌ను విడుదల చేసింది. ఏ వారం పిల్లవాడితో ఇంట్లో ఏ పని చేయించాలో అందులో వారాలవారీగా ఉంది. ఇంటర్నెట్ లేని ఇళ్ళకు ఉపాధ్యాయులు ఫోన్ చేసి గాని, మెసేజ్ పంపి గాని చెప్పవచ్చని కూడా రాశారు. మన రాష్ట్రంలో 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ళలో పాఠాలు ప్రసారమయ్యాయి. అయితే అవి 3వ తరగతి నుంచి పైవారికి. అక్షరాలు దిద్దవలసిన 1, 2 తరగతుల పిల్లలు ఆ పాఠాల లెక్కలోకే రాలేదు.

ఫలితం ఏమయింది? 'ప్రథమ్' సంస్థ గ్రామీణ ప్రాంతాల్లో ఇంటింటికీ తిరిగి జరిపే సర్వే పేరు 'అసర్'. ఉర్దూలో ఆ మాటకు ప్రభావం అని అర్థం. తెలంగాణలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి వాచకం చదవగలిగినవారు 2018లో 18.1 శాతం ఉండగా, 2022లో 5.2 శాతానికి పడిపోయారని ఆ సర్వే తేల్చింది. వందమందిలో అయిదుగురు. కేంద్రం 2021 జూలైలో 'నిపుణ్ భారత్' ప్రారంభించింది. 2026-27 నాటికి మూడో తరగతి ముగించే ప్రతి బిడ్డకూ చదవటం, రాయటం, లెక్కలు వచ్చి తీరాలన్నది దాని లక్ష్యం. మన రాష్ట్రం 2022 ఆగస్టులో 'తొలిమెట్టు' మొదలుపెట్టింది.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. బడులు మూతపడక ముందు కూడా ఆ సంఖ్య 18 మాత్రమే. అంటే బడి తెరిచి ఉన్నంత మాత్రాన సరిపోలేదు. మూతపడినప్పుడు టీవీ ఉన్నంత మాత్రానా సరిపోలేదు. టీవీ పాఠం చెబుతుంది గాని, "నీకేం అర్థమయింది?" అని ఒక్క బిడ్డనైనా అడగదు. ఆ ప్రశ్న అడిగే మనిషి పక్కన ఉండాలి. ఆ మనిషికి డిగ్రీలు అక్కరలేదు.

తల్లికి వచ్చిన లెక్కలు

"మాకే చదువు రాదు, మేమేం నేర్పుతాం మౌల్వీసాబ్?" అని తల్లులు మాతో అంటుంటారు. మా ప్రాంతంలో బీడీలు చుట్టి సంసారం నడిపే తల్లులు ఎందరో ఉన్నారు. కట్టకు 25 బీడీలు, నాలుగు కట్టలకు వంద, నలభై కట్టలకు వెయ్యి. పొద్దుటి నుంచి ఎన్ని కట్టలయ్యాయో, వెయ్యికి ఇంకా ఎన్ని తక్కువో ఆ తల్లి కాగితం ముట్టకుండా చెప్పగలదు. అది 25వ ఎక్కం. అదే ఎక్కం బడిలో తన కొడుకు పాడుతున్నాడనీ, దాని ఉపయోగం మాత్రం వాడికి తెలియదనీ ఆమెకు తెలియదు. అమ్మకు వచ్చిన లెక్కకూ, బిడ్డ వల్లించే ఎక్కానికీ మధ్య ఎవరూ వంతెన కట్టలేదు.

మరొక మాట. బిడ్డ చేత బీడీలు చుట్టించమని ఎవరూ అనుకోవద్దు. తంబాకు ధూళి పెద్దలకే హాని, పసివాళ్ళను ఆ చాట దగ్గరికి కూడా రానీయవద్దు. పిల్లల చేతికి చింతగింజలు ఇవ్వండి. అవి 25 చొప్పున కుప్పలు పెట్టమనండి. లెక్క అమ్మది, గింజలు బిడ్డవి.

తల్లికి అక్షరం రాకపోయినా మరో పని చేయగలదు. బిడ్డ చదివిన పాఠంలో ఎవరున్నారు, ఎక్కడ జరిగింది, ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని తన భాషలో అడగగలదు. బిడ్డ తడబడుతున్నాడా, ఊహించి చెబుతున్నాడా అన్నది తల్లికి తెలిసినంతగా ఏ ఉపాధ్యాయుడికీ తెలియదు. పాఠం తెలుగులో ఉన్నా, ఇంగ్లీషులో ఉన్నా జవాబు ఉర్దూలో చెప్పనివ్వండి. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలవారు తెలుగులోనే చెప్పించండి. అర్థమయిందా లేదా అన్నది మాతృభాషలోనే బయటపడుతుంది. 2022-23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టినప్పుడు, ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు అచ్చువేసి పుస్తకాలిచ్చారు. పాఠం ఒక భాషలో చదివి, మరో భాషలో గ్రహించటం తప్పు కాదని దీనివల్ల తెలుస్తున్నది.

వారానికి ఏడు పనులు

ఇక ఇంట్లో ఏం చేయాలి? మగ్రిబ్‌కూ ఇషాకూ మధ్య సమయంలో ఇరవై నిమిషాలు చాలు. ఆ ఇరవై నిమిషాలు టీవీ, ఫోన్ కట్టేయాలి. బడివాళ్ళు ఇచ్చిన హోంవర్కును మళ్ళీ రాయించటం ఈ పని కిందకు రాదు. రోజుకు ఒకే ఒక్క పని.

శనివారం లెక్కలు. చింతగింజల కుప్పలతో మొదలుపెట్టి, ఒకే సంఖ్యను మూడు భాషల్లో చెప్పించండి. మన పిల్లలకు ఇక్కడ నిజమైన కష్టం ఒకటుంది. తెలుగులో ఇరవై తొమ్మిది అంటే ఇరవై మీద తొమ్మిది. ఉర్దూలో ఉన్తీస్ అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ఉన్తాలీస్, ఉన్చాస్, ఉన్సఠ్ కూడా అంతే. తీరా నవాసీ, నిన్యానవే దగ్గరికి వచ్చేసరికి ఆ పద్ధతి మారిపోతుంది. ఇంట్లో ఒక లెక్క, బడిలో ఒక లెక్క విని బిడ్డ తికమకపడితే మందమతి అనవద్దు. గింజలు ముందు పెట్టి చూపిస్తే వాడికే తెలుస్తుంది.

ఆదివారం బజారు. మీ ఊరి అంగడి మరో రోజు అయితే ఈ పని ఆ రోజుకు మార్చుకోండి. సామాను చీటీ బిడ్డ చేత రాయించండి. ధరలు వాడే అడగాలి, చిల్లర వాడే లెక్క చూడాలి. భిన్నాలంటే భయపడే పిల్లలకు పావుకిలో, అరకిలో, ముప్పావుకిలో అంటే భయం లేదు. ఉర్దూలో మనకు పావ్, ఆధా, పౌన్, సవా, డేఢ్, ఢాయీ అని ఎన్ని మాటలున్నాయి! ఇవన్నీ నాలుగో తరగతి లెక్కల పుస్తకంలో ఉన్న భిన్నాలే.

సోమవారం చదివి చెప్పటం. పది వాక్యాలకు మించకుండా చదివించి, పుస్తకం మూయించి, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు అడగండి. జవాబు రాకపోతే కోప్పడకుండా పుస్తకం తెరిచి వెతుక్కోనివ్వండి. వెతుక్కోవటమే చదువు.

మంగళవారం కథ. దాదీ గాని నానీ గాని ఉర్దూలో ఒక కథ చెప్పాలి. బిడ్డ దాన్ని తిరిగి తెలుగులో చెప్పాలి. ఒక పహేలీ అడిగితే, బిడ్డ ఒక పొడుపుకథ అడగాలి. రెండు భాషలూ బరువని అనుకునే పిల్లవాడికి రెండూ ఆస్తి అని ఇక్కడే తెలుస్తుంది.

బుధవారం పరిశీలన. ఈ పని మాత్రం మగ్రిబ్ దాకా ఆగదు. వాకిట్లో ఒక కర్ర నిలువుగా పాతి నీడ కొలిపించండి. మధ్యాహ్నం నీడ అన్నిటికన్నా పొట్టిదై, మళ్ళీ పెరగటం మొదలైనప్పుడు జుహర్ వేళ ప్రవేశిస్తుంది. గడియారాలు లేని కాలంలో మన పెద్దలు నమాజు వేళలు తెలుసుకున్నది ఇలాగే. మా ఖానాపూర్ ప్రాంతంలో మే నెల మధ్యలో ఒకసారి, జూలై చివరలో ఒకసారి సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వచ్చి, మధ్యాహ్నం నీడ దాదాపు మాయమవుతుంది. బిడ్డకు చూపించండి, ఎందుకో అడగనివ్వండి. రాత్రిపూట చంద్రుణ్ణి చూసి ఏ ఆకారంలో ఉన్నాడో నెలంతా బొమ్మ గీయించండి. ఉన్తీస్ చాందా, తీస్ చాందా అని రంజాన్‌కు ఇంటిల్లిపాదీ వాదించుకుంటాం గదా, దాని వెనుక ఉన్న శాస్త్రం బిడ్డకు ఆ బొమ్మల్లో దొరుకుతుంది. హిజ్రీ సంవత్సరం సుమారు 11 రోజులు తక్కువ కావటంవల్లనే రంజాన్ ఏటా ముందుకు జరుగుతున్నదని వాడే లెక్కకట్టి చెబుతాడు.

సెలవు దొరికినప్పుడు చెయ్యి పట్టుకుని సదర్మాట్ దాకా తీసుకువెళ్ళండి. గోదావరి మీద 1891-92లో కట్టిన ఆ ఆనకట్టకు 2018లో అంతర్జాతీయ గుర్తింపు లభించింది. ఎన్నేళ్ళయిందో లెక్క చెప్పమనండి. కాలువ నీళ్ళు ఏ ఊళ్ళకు పోతాయో అక్కడ రైతులను అడగమనండి.

గురువారం రాయటం. గల్ఫ్‌లో ఉన్న అబ్బాకో మామూకో అయిదు వాక్యాల ఉత్తరం రాయించండి. ఫోను కాలంలో ఉత్తరమేమిటని నవ్వవద్దు. రాసిన దాన్ని ఫోటో తీసి పంపవచ్చు, ఫోనులో చదివి వినిపించవచ్చు. మనకు రాత్రి ఎనిమిదయితే రియాద్‌లో ఎంత అని అడగండి. ఢాయీ గంటలు వెనక. దుబాయ్ అయితే డేఢ్ గంట. ఆదివారం బజారులో నేర్చిన మాటలే ఇక్కడ అక్కరకు వస్తాయి. తెలుగులో రాసేటప్పుడు ల-ళ, న-ణ ల తేడా ఉర్దూ ఇళ్ళ పిల్లలకు కష్టం. వారానికి రెండు మాటలు దిద్దితే చాలు, ఉత్తరమంతా ఎర్రసిరాతో నింపవద్దు.

శుక్రవారం కొత్త పని లేదు. జుమా నుంచి వచ్చాక తండ్రి బిడ్డను కూర్చోబెట్టుకుని, వారంలో ఏం చేశావో చెప్పమని వినాలి. ఖుత్బాకు ముందు ఇమామ్‌గారు చెప్పిన ప్రసంగంలో ఏం విన్నావని కూడా అడగవచ్చు. ఇది తండ్రి పని. వారమంతా తల్లి మీద వదిలేసి, పరీక్షల్లో తప్పినప్పుడు మాత్రం కేకలు వేసే తండ్రులకు ఈ ఒక్క రోజైనా వాటా ఉండాలి.

బరువు పెంచవద్దు

బిడ్డకు ఆట ఎప్పుడు అని అడిగేవారి మాటలో న్యాయం ఉంది. అందుకే ఇరవై నిమిషాలు అన్నాం, అంతకు మించవద్దు. అసర్ తర్వాత ఆట వాడి హక్కు. అలసిపోయి నిద్రకు వాలుతున్న బిడ్డను కూర్చోబెట్టి అడిగితే, చదువంటేనే అసహ్యం పుడుతుంది. కొట్టటం అసలే వద్దు. భయపడిన బిడ్డ జవాబు వెతకడు, మనకు నచ్చే మాట వెతుకుతాడు.

మరొక హెచ్చరిక. చాలా ఇళ్ళలో తమ్ముళ్ళ చదువు బాధ్యత పెద్దమ్మాయి మీద పడుతున్నది. వంట, గిన్నెలు, తమ్ముళ్ళ హోంవర్కు అన్నీ ముగిశాక ఆమె పుస్తకం తెరిచేసరికి ఇల్లంతా నిద్రపోతుంది. ఒకరి చదువును మరొకరి చదువుతో కొనటం న్యాయం కాదు. ఆపా సాయం చేయవచ్చు, బాధ్యత మాత్రం తల్లిదండ్రులదే. ఈ ఏడు పనులూ అబ్బాయికి ఎంత అవసరమో అమ్మాయికీ అంతే అవసరం.

పదిమందికి ఒకరు

తల్లీ తండ్రీ ఇద్దరూ రాత్రి దాకా కూలిపనికి వెళ్ళే ఇళ్ళున్నాయి. తండ్రి గల్ఫ్‌లో, తల్లి మంచాన ఉన్న ఇళ్ళున్నాయి. వారికి ఈ వ్యాసం ఎందుకూ కొరగాదు. అక్కడ మొహల్లా ముందుకు రావాలి. బద్ర్ యుద్ధం తర్వాత ఖైదీల్లో చదువు వచ్చి, ధనం లేనివారికి మహాప్రవక్త (స) విధించిన పరిహారం మనందరికీ తెలిసిందే. ఒక్కొక్కరు పదిమంది పిల్లలకు రాయటం, చదవటం నేర్పాలి, నేర్పితే విడుదల. శత్రువు దగ్గర ఉన్న చదువును కూడా పిల్లల కోసం వినియోగించిన చరిత్ర మనది. మన మొహల్లాలో ఇంటర్, డిగ్రీ చదివే యువతీ యువకులు శత్రువులు కారు గదా. ఒక్కొక్కరు పదిమంది పిల్లలను వారానికి రెండు సాయంత్రాలు కూర్చోబెట్టుకుంటే, ఇంట్లో అడిగేవారు లేని పిల్లలకు ఒక మనిషి దొరుకుతాడు. మస్జిద్ కమిటీలు ఒక గది, ఒక నల్లబల్ల, ఒక అలమరాలో ఉర్దూ, తెలుగు కథల పుస్తకాలు సమకూర్చగలవు. సున్నం, రంగుల కోసం చందాలు వసూలు చేసే కమిటీలకు ఇది మోయలేని ఖర్చు కాదు.

ప్రభుత్వ పథకాలు వస్తుంటాయి, వాటి పేర్లు మారుతుంటాయి. మంచి ఉపాధ్యాయుడు బదిలీ అయి వెళ్తాడు. బిడ్డతో అయిదేళ్ళూ ఉండేది ఇల్లు ఒక్కటే. ఈ శుక్రవారం రాత్రి భోజనాల ముందు మీ బిడ్డ చేత పది వాక్యాలు చదివించి, పుస్తకం మూయించి, చదివింది ఏమిటో అడగండి. జవాబు వస్తే సంతోషించండి. రాకపోతే నిరాశ పడకండి, రేపు శనివారం, చింతగింజలతో మొదలుపెట్టండి. మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, మనకు వారి పక్కన కూర్చునే తీరికను, ఓపికను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.